గింజ ఎందుకు ఆగుతుంది?

మా చిత్తూరు వైపు ఇళ్లల్లో పితికిపప్పు లేకుండా చలికాలం గడవదు. అనపగింజలు రాత్రి నీళ్లలో పోసి, పొద్దున్నే గిన్నె చుట్టూ కూర్చుని ఒక్కో గింజనూ రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కుతాం. తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు గిన్నెలోకి జారుతుంది. ఈసారి ఆ పని చేసేటప్పుడు ఒక్క పప్పును కూరలో వేయకుండా పక్కన పెట్టండి. రెండు బద్దలనూ గోటితో మెల్లగా విడదీయండి. ఒక బద్ద అంచున, గింజకు కన్ను ఉండే వైపు, బియ్యపు నూకంత తెల్లటి పుల్ల అతుక్కుని కనిపిస్తుంది. దాని ఒక కొన మొనదేలి ఉంటుంది. అది రేపటి వేరు. రెండో కొనన రెండు చిన్న ఆకులు ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉంటాయి. మొక్క మొత్తం అక్కడే ఉంది. మనం పప్పు అని తినేదంతా దాని కోసం తల్లి చెట్టు కట్టి ఇచ్చిన సద్దిమూట.

మిద్దె మీద తోట మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అక్కా, గింజలు వేసి పది రోజులైంది, ఒక్కటీ రాలేదు. విత్తనం మంచిది కాదంటావా?" కొన్నిసార్లు నిజంగానే విత్తనం పాతదై ఉంటుంది. కానీ చాలాసార్లు గింజ బతికే ఉంటుంది, ఆగి ఉంటుంది. ఆ ఆగడం ఏదో లోపం కాదు. మొలకెత్తడం ఎలాంటి పనో, ఆగడం కూడా గింజ చేసే అలాంటి పనే. ఒకసారి వేరు బయటపెట్టిందంటే మళ్లీ లోపలికి పోలేదు. అందుకే అది అడుగు వేసే ముందు అంత చూసుకుంటుంది.

ఎండిన గింజలో నీరు నూటికి పది పాళ్లు, అటూ ఇటూగా ఉంటుంది. తడి తగలగానే అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఇందులో ప్రాణం పాత్ర ఏమీ లేదు. వానాకాలం చెక్క తలుపు ఉబ్బినట్టు, చచ్చిన గింజ కూడా ఉబ్బుతుంది. అందుకే నానబెట్టిన గింజ లావెక్కిందని ధీమా పడకూడదు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. లోపలి పిండం, అంటే బద్దల మధ్య చూసిన ఆ బుల్లి మొక్క, జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. వడ్లు, గోధుమల్లాంటి ధాన్యాల్లో పిండి చుట్టూ ఉన్న పలుచటి పొర ఆ కబురు అందుకుని ఎమైలేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతుంది. అది పిండిని చక్కెరగా విడగొడుతుంది. మొలకెత్తించిన రాగులతో కాచిన జావ మామూలు రాగిజావ కంటే తియ్యగా ఉండేది ఇందుకే. మొక్క కోసం సిద్ధమైన చక్కెరను మనం తాగుతున్నాం.

జిబ్బరెల్లిన్ "కదులు" అంటే, అబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ "ఆగు" అంటుంది. ఈ రెండింటిలో ఎవరి మాట పైచేయి అయితే గింజ ఆ మాట వింటుంది. టమోటానే చూడండి. లోపల తడి ఉంది, మన ఊళ్లో వెచ్చదనానికి కరువు లేదు. అయినా పండులో గింజలు మొలవవు, ఎందుకంటే చుట్టూ ఉన్న జిగురూ రసమూ వాటిని ఆపి ఉంచుతాయి. టమోటా విత్తనం కట్టాలంటే ఆ జిగురుతోనే గింజలను గ్లాసులో ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టేది అందుకే. అయితే మార్కెట్లో కొన్న హైబ్రిడ్ కాయల గింజలు వేస్తే ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది. "విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా" అంటారు గానీ, కాయ తీరు వరకు హైబ్రిడ్‌లో అచ్చంగా అదే జరుగుతుంది. విత్తనం దాచుకోవాలంటే నాటురకం ఎంచుకోండి.

ఆగడం రాని గింజ ఎంత నష్టపోతుందో తెలియాలంటే చెనక్కాయల రైతును అడగాలి. మన వైపు ఎక్కువగా వేసే గుత్తి రకాలకు నిద్రావస్థ దాదాపు ఉండదు. కాయ ముదిరి, పీకే సమయానికి ముసురు పట్టిందా, నేలలోనే మొలకలు వచ్చేస్తాయి. నెలల కష్టం రెండు మూడు రోజుల వానకు పోతుంది. తీగ రకాలకు ఈ బాధ తక్కువ, అవి కొన్ని వారాలు నిద్రపోతాయి. గుత్తి రకాలకు కూడా రెండు మూడు వారాల నిద్ర వచ్చేలా చేయాలని శాస్త్రవేత్తలు చూసేది ఇందుకే. ఇంటి తోటలో మనం విసుక్కునే ఆ గుణాన్నే చేలో రైతు కోరుకుంటాడు.

నాకు ఇది బాగా అర్థమైంది కొత్తిమీరతో. తిరుపతిలో ఒక మే నెలలో, ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో, మిద్దె మీద వెడల్పాటి కుండీలో ధనియాలు చల్లాను. రోజూ రెండు పూటలా నీళ్లు. రెండు వారాలైనా పచ్చటి చుక్క లేదు. వేలితో కెలికి చూస్తే గింజలు కుళ్లలేదు, అలాగే ఉన్నాయి. మనసు ఒప్పక కుండీని పారబోయకుండా ఒక మూలకు జరిపాను. అక్టోబరులో వానలు పట్టాక ఒక పొద్దున చూస్తే అందులో సన్నటి జంట ఆకులు! అన్నీ కాదు, సగానికి తక్కువే. కానీ అన్ని నెలల ఎండను దాటుకుని వచ్చాయి. ధనియాలకు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల హాయి. వేడి మట్టిలో తడి తగిలినా "ఆగు" అనే హార్మోన్ తగ్గదు. ఎండాకాలంలో మొలిస్తే బతకలేని మొక్కకు అది మంచి తెలివి. మన తిరుపతికి ఎక్కువ వాన తెచ్చేది ఈశాన్య రుతుపవనమే కాబట్టి, కొత్తిమీర, మెంతికూర, పాలకూర ఆ వానల వెనకాలే వేసుకోవాలి. బెండ, బీర, కాకర, అలసందలకు వేడి అంటే భయం లేదు, వాటిని ముందే వేయొచ్చు. ఇంకో మాట, ధనియం ఒక గింజ కాదు, కాయ. లోపల రెండు గింజలుంటాయి. చెప్పుతోనో చపాతీ కర్రతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లితే మొలకలు బాగా వస్తాయి.

కొన్ని గింజలు వెలుతురును కూడా చూస్తాయి. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ అనే శాస్త్రవేత్తల బృందం తడిపిన లెట్యూస్ అనే ఆకుకూర గింజల మీద ఎర్రటి కాంతి వేసింది. గింజలు మొలిచాయి. ఎరుపుకు అవతల, కంటికి సరిగా ఆనని దూరపు ఎరుపు వేస్తే ఆగిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి ఎన్నిసార్లు మార్చి వేసినా, చివర పడిన కాంతి ఏదో దాని మాటే విన్నాయి. ఆ కాంతిని పట్టే పదార్థానికి తర్వాత ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. పెద్ద చెట్ల ఆకులు ఎరుపును పీల్చుకుని దూరపు ఎరుపును కిందికి వదులుతాయి. అంటే పైన ఎవరైనా నీడ పట్టి ఉన్నారా అన్నది గింజకు నేల మీద నుంచే తెలిసిపోతుంది. ఎంత సూక్ష్మంగా చూస్తుందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తోటకూర లాంటి సన్న గింజల సద్దిమూట మరీ చిన్నది. లోతుగా పూడిస్తే పైకి వచ్చేలోపు అయిపోతుంది. ఇసుకలో కలిపి పైపైన చల్లి, అరచేత్తో అదిమితే చాలు. పక్కన చీమల బారు ఉందేమో మాత్రం చూసుకోండి, రాత్రికి రాత్రే మోసుకుపోతాయి.

గట్టి తోలుతో ఆగేవీ ఉన్నాయి. ఉలవలు నానబెట్టినప్పుడు గిన్నె అడుగున కొన్ని రాళ్లలా మిగిలిపోతాయి కదా, వాటి తోలు నీటిని లోపలికి రానివ్వదు. శేషాచలం కొండల ఎర్రచందనం కాయ ఇంకా మొండిది. అందుకే నర్సరీల్లో నాటే ముందు పేడనీళ్లలో నానబెడతారు. కాకర గింజకైతే రాత్రంతా నీళ్లు, తర్వాత తడిగుడ్డ మూట సరిపోతాయి. దీనికి పూర్తిగా ఎదురు మామిడి టెంక, పనస గింజ, కరివేపాకు పండు. వీటికి ఆగడమే రాదు, ఎండబెడితే చచ్చిపోతాయి. తిన్న వారంలోనే మట్టిలో పెట్టాలి.

ఇక మనం చేసే తప్పుల్లో పెద్దది నీళ్లు ఎక్కువ పోయడం. మొలిచే గింజ గట్టిగా ఊపిరి పీలుస్తుంది. మట్టి సందులన్నీ నీళ్లతో నిండిపోతే దానికి గాలి ఆడదు. పైగా నారుకుళ్లు తెగులు వచ్చి, మొలిచిన మొక్క కూడా కాండం అడుగున మెత్తబడి పడిపోతుంది. మన ఎర్రమట్టి ఒక్కటే వాడితే తడి ఆరగానే పైన పెచ్చు కడుతుంది, లేత మొలక దాన్ని చీల్చలేదు. కొబ్బరిపొట్టు, మాగిన ఎరువు కలపాలి. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. విత్తనం మీద అనుమానం ఉంటే పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టి లెక్క చూసుకోండి. ప్రభుత్వ ప్రమాణాల్లోనే కనీస మొలక శాతం టమోటాకు 70, బెండకు 65. పదిలో మూడు రాకపోతే కొట్టువాడితో గొడవ పడాల్సిన పని లేదు.

ఒక గింజకూ ఇంకో గింజకూ తేడా చూడాలనుకుంటే పాలికను, అంటే శుభకార్యాలకు మొలకలు పోసే మట్టిపాత్రను, మించింది లేదు. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందు రోజు సాయంత్రం అంకురార్పణం చేస్తారు. విష్వక్సేనులవారి ఊరేగింపుతో మన్ను తెచ్చి, పాలికల్లో నవధాన్యాలు చల్లుతారు. మన పెళ్లిళ్లలోనూ ఉండేదే. మా అక్క కూతురి పెళ్లిలో ఎవరో వడ్లకు బదులు బియ్యం తెచ్చారు. మా అమ్మమ్మ వెంటనే మార్పించింది. మరపట్టినప్పుడు బియ్యంలో పిండం రాలిపోతుంది, ఇక దానికి మొలిచే ప్రాణం ఎక్కడిది? రెండో రోజుకు పెసలు పగిలాయి. మూడో రోజు పెసర, అలసంద మెడలు వంచి, బద్దలను వెనకాలే లాక్కుంటూ పైకొచ్చాయి. ఆ వంపు వల్లే లేత చిగురు మట్టికి ఒరుసుకోకుండా బయటపడుతుంది, వెలుతురు తగిలాక మెడ నిటారవుతుంది. వడ్లు సూదుల్లా లేచాయి. కందులు మాత్రం కనిపించలేదు. అక్క కంగారు పడి వేలు పెట్టి తవ్వబోతే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఐదో రోజు పొద్దున చిన్న మట్టిపెళ్ల ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని పక్కన, బద్దలను నేలలోనే వదిలేసి, కంది చిగురు నిలబడి ఉంది.