బీఎస్సీ మైక్రోబయాలజీ: మా చిత్తూరు వైపు వినపడే అపోహలు, అసలు సంగతులు

నీట్‌లో సీటు రాదని తేలిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి, "అన్నా, మా పాపను మైక్రోబయాలజీలో చేర్చొచ్చా?" అని. నేను తిరుపతిలో ఈ బీఎస్సీనే, అంటే కంటికి కనపడని క్రిముల చదువు, చేసి, చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో కొన్ని సీజన్లు గడిపి, ఇప్పుడు ఒక డెయిరీ ల్యాబులో ఉన్నా. అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు మాత్రం ఏటా అవే, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: ఇది చదివితే ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం, దాదాపు డాక్టరే.

ఎక్కువమందిని ముంచింది ఈ మాటే. రక్తం, మూత్రం టెస్టులు చేసే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకి సర్కారు నోటిఫికేషన్లో అడిగేది డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) గానీ, అదే సబ్జెక్టులో డిగ్రీ అయిన బీఎస్సీ ఎంఎల్‌టీ గానీ, పైన పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్. మన డిగ్రీ పేరు చూసి వాళ్ళు తీసుకోరు. పెద్దాసుపత్రిలో కల్చర్ రిపోర్టు (రోగి శాంపిల్లో ఏ క్రిమి పెరిగిందో చెప్పేది) కింద సంతకం పెట్టేది మామూలుగా ఎంబీబీఎస్ అయ్యాక ఎండీ మైక్రోబయాలజీ చేసినవాళ్ళు, మనం కాదు. నాతో చదివిన ఒకమ్మాయి మూడేళ్ళు అయిపోయాక ఈ సంగతి తెలిసి మళ్ళీ డీఎంఎల్‌టీలో చేరింది. ముందే ఎవరన్నా చెప్పుంటే నేరుగా అందులోనే చేరేది కదా పాపం.

ఇంకోటి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్. రూల్సులో "మైక్రోబయాలజీ" అనే మాట కనపడుతుంది, చూసి సంబరపడతారు. సరిగ్గా చదవండి, అది మెడిసిన్ చేసి మైక్రోబయాలజీలో స్పెషలైజ్ చేసినవాళ్ళకి, లేకపోతే ఫార్మసీ వాళ్ళకి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టు మాత్రం అట్లా కాదు, ఆ అర్హతల్లో మైక్రోబయాలజీ డిగ్రీ నేరుగా ఉంది. నోటిఫికేషన్ రోజూ పడదు, అది వేరే బాధ.

అపోహ: ఉద్యోగం కావాలంటే హైదరాబాద్ పోవాల్సిందే.

హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలు, వ్యాక్సిన్ కంపెనీలు ఉన్న మాట నిజమే. కానీ మన ఇంటి చుట్టూ చూడండి. పాల డెయిరీలు, శ్రీసిటీలో తిండి వస్తువుల ఫ్యాక్టరీలు, తోతాపురి కాయ వచ్చే రోజుల్లో రాత్రీ పగలూ నడిచే గుజ్జు యూనిట్లు, వీధికొకటి ఉన్నట్టు కనపడే వాటర్ ప్లాంట్లు. ప్యాకింగ్ నీళ్ళలో 250 మిల్లీలీటర్లకి ఒక్క ఈ.కోలి (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) కూడా ఉండకూడదు, అది చూడాల్సింది ఎవరనుకున్నారు?

గుజ్జు ఫ్యాక్టరీ గురించి కొంచెం ఎక్కువ చెప్తా, నేను పని నేర్చుకున్నది అక్కడే. మామిడి గుజ్జు పుల్లగా ఉంటుంది, పీహెచ్ 4.6 కంటే తక్కువ, అందుకని టిన్నుల్లో అందరూ భయపడే బోటులినమ్ బ్యాక్టీరియా అందులో పెరగదు. ఇక ఇబ్బంది పెట్టేది ఈస్టు, బూజు, లాక్టిక్ బ్యాక్టీరియా. ఈస్టు మిగిలితే గ్యాసు పుట్టి గుజ్జు నింపిన బ్యాగు ఉబ్బుతుంది. ఇంకొకటుంది, ఆలిసైక్లోబాసిల్లస్ అని, వేడికి చావని స్పోర్లు (గింజల్లా గట్టిపడిన బ్యాక్టీరియా రూపం), గ్యాసు రాదు ఉబ్బదు, గుజ్జుకి ఆసుపత్రి మందుల వాసన మాత్రం వస్తుంది. బూజు ఉందో లేదో చూసే ప్లేటు (క్రిములు పెరగడానికి మేత పోసిన గిన్నె) 25 డిగ్రీల దగ్గర ఐదు రోజులు పెట్టాలి. కంటైనర్ మాత్రం రేపే పోర్టుకి పోవాలి! మేనేజరు మూడో రోజు నుంచే వచ్చి "ఇప్పుడు ఏమీ లేదు కదా, రిపోర్టు ఇచ్చెయ్ అబ్బా" అంటాడు. ఐదో రోజు దాకా ఇవ్వను అని మొహమ్మీద చెప్పడం ఏ సిలబస్సులోనూ లేదు, నాకు రెండు సీజన్లు పట్టింది.

ఇంకో నిజం కూడా చెప్పాలి, సీజన్ అయిపోగానే సగం మందిని ఇంటికి పంపేస్తారు. నా మొదటి జీతం చేతికి 11,000 రూపాయలు, అది కూడా మూడు నెలలే. డెయిరీకి మారింది అందుకే, పాలు ఏడాది పొడుగునా వస్తాయి కదా. పాలలో బ్యాక్టీరియా ఎంత ఉందో అంచనా వేసే ఎంబీఆర్‌టీ టెస్టులో మిథిలీన్ బ్లూ రంగు ఎంత తొందరగా పోతే పాలు అంత చెడ్డవి, పొద్దున్నే నాలుగున్నరకి ఆ నీలం రంగు ట్యూబుల ముందు కూర్చోవడమే నా బతుకు ఇప్పుడు.

అపోహ: అంతా బట్టీ సబ్జెక్టు, పేర్లు గుర్తుంటే మార్కులు వచ్చేస్తాయి.

మార్కులు వస్తాయేమో గానీ ఉద్యోగం రాదు. నా ఇంటర్వ్యూలో ఆయన అడిగింది ఒక్కటే, గ్రామ్ స్టెయిన్ (రంగులేసి బ్యాక్టీరియాను ఊదా, ఎరుపు అని రెండు రకాలుగా విడదీసే పరీక్ష) చేసి చూపించు అని. అందులో రంగు కడగడానికి స్పిరిట్ పోసేటప్పుడు రెండు సెకన్లు ఎక్కువ అయితే ఊదా రంగులో ఉండాల్సినవి కూడా ఎర్రగా అయిపోతాయి, ఆ చెయ్యి తిరగడం రికార్డు బుక్కు రాస్తే రాదు. నా చెయ్యి వణికింది, రెండో స్లైడు సరిగ్గా వచ్చింది, తీసుకున్నారు. కాలేజీలో చేరే ముందు ఫీజు కంటే ముందు ల్యాబు చూడండి. ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ నిజంగా 121 డిగ్రీలకి పోతుందా, శుభ్రమైన గాలి వీచే పని బల్ల లామినార్ ఫ్లో మీద దుమ్ముందా, ప్లేట్లు పిల్లలే పోస్తారా లేక డెమో చూపించి పంపేస్తారా అని సీనియర్లను అడగండి.

అపోహ: ఆ క్రిములతో పనిచేస్తే రోగాలు అంటుకుంటాయి.

మా అమ్మ మొదటి ఏడాది నన్ను బాత్రూములోకి పోయి స్నానం చేసొస్తే గానీ వంటింట్లోకి రానివ్వలేదు. డిగ్రీ ల్యాబుల్లో మామూలుగా వాడేవి పెద్దగా ప్రమాదం లేనివే, పెరుగులోవి, మట్టిలోవి. చేతులు కడుక్కోవడం, ల్యాబులో తినకపోవడం పాటిస్తే చాలు. పెరుగు తోడు పెట్టేది కూడా బ్యాక్టీరియానే అని చెప్తే అమ్మ నమ్మలేదనుకోండి.

ఎంఎస్సీ తప్పనిసరా అంటే, ల్యాబు ఉద్యోగానికి కాదు, పైకి పోవడానికి అవును. ఫుడ్ అనలిస్టు కావాలంటే పీజీ ఉండాల్సిందే, నెట్ (రీసెర్చ్‌కి, లెక్చరర్ పోస్టుకి అర్హత పరీక్ష) రాసి రీసెర్చ్‌కి పోవాలన్నా మూడేళ్ళ బీఎస్సీ ఒక్కటే సరిపోదు. పీజీ సీట్లకి పెట్టే ఏపీ పీజీసెట్ రాస్తే ఎస్వీ యూనివర్సిటీ, అమ్మాయిలకైతే పద్మావతి మహిళా యూనివర్సిటీ మన తిరుపతిలోనే ఉన్నాయి. బయటికి పోతామంటే గాట్-బీ (బయోటెక్నాలజీ పీజీ సీట్లకి), జామ్ (ఐఐటీల్లో ఎంఎస్సీకి) అనే ఎంట్రన్సులు కూడా చూసుకోండి, వాటికి రెండో ఏడాది నుంచే కెమిస్ట్రీ వదలకుండా చదవాలి. మాకు మూడు సబ్జెక్టులు ఉండేవి, కెమిస్ట్రీ అందులోనే వచ్చేసేది. 2023-24లో సింగిల్ మేజర్ (ఒకటే ప్రధాన సబ్జెక్టు, పక్కన చిన్నగా ఒక మైనర్) తెచ్చారు కాబట్టి, మీ ఏడాదికి పద్ధతి ఏదో కాలేజీలో కనుక్కుని, రెండో సబ్జెక్టుగా కెమిస్ట్రీనో బయోకెమిస్ట్రీనో పెట్టుకుంటే మేలు. ఏది పెట్టుకోవాలో అర్థం కాకపోతే అడగండి, పొద్దున పాల ట్యాంకర్లు వచ్చే టైములో తప్ప ఎప్పుడైనా చెప్తా.