పాలబండికి దువ్వాడ బైపాస్

ఆనందపురం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా మేకపిల్లకి రెండు నెలలు నిండాయండి. తల్లి నుంచి తప్పించి వేరే కట్టేస్తే రాత్రంతా రెండూ అరుపులే. పాలు మాన్పించడానికి వయసు సరిపోయిందా? మా అమ్మేమో మంగళవారం మాత్రం వద్దంటోంది."

మంగళవారం సంగతి అమ్మగారికే వదిలేద్దాం. పిల్ల కడుపుకి వారం, వర్జ్యం లేవు. నిజానికి నెలల లెక్క కూడా అంతంత మాత్రమే.

నెమరు వేసే జంతువుకి కడుపులో నాలుగు గదులని మా బళ్ళో బట్టీ పట్టించారు. పుట్టిన రోజున వాటిలో నాలుగోదే అన్నిటికన్నా పెద్దదని, పనంతా అదే చేస్తుందని ఎవరూ చెప్పలేదు. అసలు మజా అక్కడే ఉంది.

విశాఖ వాళ్ళకి రైళ్ళతో చెబితే సులువు. విజయవాడ వైపు నుంచి మన స్టేషన్‌కి వచ్చిన బండి హౌరా వైపు పోవాలంటే వచ్చిన దారినే వెనక్కి మళ్ళాలి. ఇంజను ఈ చివర తీసి ఆ చివర తగిలిస్తారు. ఈ తలనొప్పి లేకుండా కొన్ని బండ్లు విశాఖకి ముందున్న దువ్వాడలో ఆగి, విశాఖ స్టేషన్ మొహం చూడకుండానే హౌరా దారిలోని కొత్తవలస వెళ్ళిపోతాయి. మేక కడుపులో విశాఖ స్టేషన్ అంటే మొదటి గది, రూమెన్. పెద్ద మేకలో కడుపంతటిలో దాదాపు 80 శాతం అదే. నమిలీ నమలని ఆకు అక్కడ దిగుతుంది, సూక్ష్మజీవులు పులియబెడతాయి, మళ్ళీ వచ్చిన దారినే నోటికి వెళ్తుంది. నెమరంటే ఇంజను తిప్పడమే.

పాలు ఆ స్టేషన్‌లో దిగకూడదు. దిగితే పులిసి కడుపు ఉబ్బుతుంది. అందుకే అన్నవాహిక చివర ఒక గాడి ఉంది. పిల్ల చన్ను చీకగానే గాడి అంచులు రెండూ ముడుచుకుని గొట్టంలా మూసుకుంటాయి. పాలబండి నేరుగా కొత్తవలస, అంటే నాలుగో గది చేరుతుంది. పాయింట్లు మార్చేది మెదడు నుంచి కడుపుకి వచ్చే వేగస్ నాడి, దానికి సిగ్నల్ చీకడం. తల్లి లేని పిల్లకి పాలు గొంతులో గుమ్మరించేస్తే సిగ్నల్ పడక అవి విశాఖ ప్లాట్‌ఫాం మీదే ఒలికిపోవచ్చు. చీకడానికి రబ్బరు పీక ఉన్న సీసాతో పట్టండి.

కొత్తవలసలో కైమోసిన్ అనే ఎంజైము కాచుకుని ఉంటుంది. పాలలోని కప్పా కేసీన్ అనే ప్రొటీన్ గొలుసుని సరిగ్గా 105, 106వ అమైనో ఆమ్లాల మధ్య తెగ్గొడుతుంది. దాంతో కేసీన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పాలు గడ్డకడతాయి. చీజ్ తయారీలో వాడే రెన్నెట్‌లో ముఖ్యమైన సరుకు ఇదే. మన జున్ను కథ వేరు, అది ముర్రుపాలలోని ప్రొటీన్లు వేడికి గట్టిపడటం. ముర్రుపాలంటే గుర్తొచ్చింది, అవి మంచివి కావని పిండి పారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మేకల్లో మావి గుండా యాంటీబాడీలు పిల్లకి చేరవు. ఆ పాలతోనే రావాలి, అదీ పుట్టిన తొలి గంటల్లోనే.

సరే, పెద్ద స్టేషన్ తెరిచేదెప్పుడు? రెండో వారానికే పిల్ల ఆకులు కొరుకుతుంది. తల్లి నాకినప్పుడు, పాకలో మూతి పెట్టిన చోటల్లా సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. అవి దాణాలోని పిండిని పులియబెడితే బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లం తయారవుతుంది. రూమెన్ గోడ కణాలు దాన్నే ఇంధనంగా వాడుకుని పెరుగుతాయి, నున్నటి గోడ మీద సన్నటి బొడిపెలు మొలుస్తాయి. బోటీ కడిగినవాళ్ళకి తెలుసు, టర్కీ టవల్‌లా గరగరలాడే ముక్క ఉంటుంది చూడండి, అదే. ఆకూ గడ్డీ గదిని సాగదీసి కండ పెంచుతాయి. ఎన్నాళ్ళయినా పాలమీదే ఉంచేస్తే గోడ పలచగా ఉండిపోతుంది, టవల్ మొలవదు.

మామూలుగా 8 నుంచి 12 వారాల మధ్య మాన్పిస్తారు. నన్నడిగితే క్యాలెండర్ కన్నా కాటా నయం. పుట్టినప్పటి బరువుకి రెండున్నర రెట్లు దాటి, దాణా, ఆకు రోజూ తింటూ, నెమరేస్తుంటే భయం లేదు. పోతుపిల్లయితే మరీ ఆలస్యం చేయకండి, మూడు నాలుగు నెలలకే ఈడొచ్చేస్తుంది.

ఇక అరుపులు. కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి, తల్లి మరిచిపోయిందిలే అనుకుంటాం. లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు మేకపిల్లల అరుపులు రికార్డు చేసి, తర్వాత తల్లి మేకలకి స్పీకర్లో వినిపించారు. 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. విడిపోయి 7 నుంచి 13 నెలలైనా, మందలోని వేరే పిల్లల గొంతు కన్నా తమ పిల్ల గొంతుకే అవి ఎక్కువ స్పందించాయి. అప్పటికి వాటికి తర్వాతి ఈత పిల్లలు కూడా పుట్టేశాయి.