దావా ఖర్చులు: 60 రోజుల గడువు ఎక్కడ జారిపోయింది?

విడాకుల కేసు నడపడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న వాదన విశాఖపట్నం జిల్లా కోర్టు ఆవరణలో మళ్ళీ వినిపిస్తోంది. స్వంత ఆదాయం చాలని భార్యకు గానీ భర్తకు గానీ, కేసు నడుస్తుండగానే భరణంతో పాటు దావా ఖర్చులు కూడా రెండో పక్షం నుంచి ఇప్పించవచ్చునని హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ 1955 నుంచీ చెబుతూనే ఉంది. నేటి చిక్కుకు మూలం మాత్రం 2001లో ఉంది.

ఆ ఏడాది పార్లమెంటు ఈ సెక్షన్‌కు ఒక నిబంధన చేర్చి, నోటీసు అందిన నాటి నుంచి 60 రోజుల్లో ఇటువంటి పిటిషన్‌ను ‘వీలైనంతవరకు’ తేల్చాలన్నది. అప్పుడే, నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో భరణం గురించిన 125వ సెక్షన్‌లో నెలకు 500 రూపాయల పరిమితిని ఎత్తివేసి, మధ్యంతర (కేసు తేలేలోగా ఇచ్చే) భరణానికీ కేసు ఖర్చులకూ చోటిచ్చింది. కానీ గడువు దాటితే ఏమిటన్నది చెప్పలేదు. ‘వీలైనంతవరకు’ అన్న ఆ ఒక్క మాటలోంచే 60 రోజులూ జారిపోయాయి.

మామూలు సివిల్ దావాలో ఓడినవారు గెలిచినవారికి ఖర్చులివ్వాలన్నది సూత్రం. కుటుంబ కేసుల డిక్రీల్లో మాత్రం ‘ఎవరి ఖర్చులు వారే భరించాలి’ అన్న వాక్యమే తరచు కనిపిస్తుంది. కాబట్టి మధ్యలో రాని ఖర్చు చివర వస్తుందన్న ఆశ తక్కువ. పెందుర్తి నుంచి బిడ్డను చంకనెత్తుకుని వాయిదాకు వచ్చే ఇల్లాలికి బస్సు చార్జీ, టైపు కూలి, జిరాక్సులు, వకాల్తా స్టాంపు, నోటీసు పంపేందుకు కట్టే బత్తా అన్నీ మొదటి రోజునే చేతిలోంచి పోతాయి.

ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు కదా, మళ్ళీ ఖర్చులెందుకని భర్తల తరఫువారు అడుగుతున్నారు. ఆ సాయం విలువైనదే, అయితే దాన్ని చూపి ఖర్చులు నిరాకరించాలని 24వ సెక్షన్‌లో ఎక్కడా లేదు. తీసుకున్న డబ్బుతో కేసు సాగదీస్తారన్న వారి ఫిర్యాదుకు మందు పిటిషన్‌ను త్వరగా తేల్చడమే.

2020 నవంబరు 4న రజనేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలనీ, భరణాన్ని దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇప్పించాలనీ ఆదేశించింది. జీతం దాచుకునే దారి దీంతో చాలావరకు మూసుకుపోవాలి. అయితే ఆ తీర్పే, అఫిడవిట్లు దాఖలయ్యాక మధ్యంతర భరణాన్ని తేల్చడానికి నాలుగు నుంచి ఆరు నెలల గడువు పెట్టింది. పాత బాకీ లెక్కగట్టి తర్వాత ఇప్పించినా, ఈలోగా వచ్చే ప్రతి వాయిదాకూ వకీలు ఫీజు, దారి ఖర్చు భార్య అప్పు చేసే తెచ్చుకోవాలి.