ఫోన్ లాక్కోవడం వైద్యం కాదండీ

"మావాడు ఇన్‌స్టాకి అడిక్ట్ అయిపోయాడు మేడమ్, ఫోన్ తీసేసుకున్నాం, అయినా మారట్లేదు." ఈ వారంలోనే మూడుసార్లు విన్నాను. గుంటూరులో కౌన్సెలింగ్ చేస్తున్న ఇన్నేళ్లలో పిల్లలకి అన్నిటికంటే ఎక్కువ చేటు చేసిన అపోహ ఇదే, ఫోన్ తీసేస్తే అంతా సర్దుకుంటుందని.

అసలు 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ, సోషల్ మీడియా అడిక్షన్ అని విడిగా లేదు. అలాగని ఇబ్బందే లేదని కాదు, రీల్స్‌కి ఆఖరు అంటూ ఉండదు, పెద్దవాళ్లమే ఆగలేకపోతున్నాం. కానీ గంటలు లెక్కపెట్టి పిల్లాడికి జబ్బు అంటగట్టకండి. నేను అడిగేది నిద్ర, తిండి, చదువు, స్నేహాలు ఎలా ఉన్నాయి, ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నాడా అని.

ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఒకరు వచ్చింది (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). వాళ్ల నాన్న ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి వాళ్లమ్మ కొంగుకి ముడేసుకుని, నాతో మాట్లాడినంతసేపూ ఆ ముడినే నలుపుతూ కూర్చున్నారు. ఆవిడ బయటికెళ్లాక అమ్మాయి అన్న మాట: "ఫోన్ చూసి నిద్ర పట్టక కాదు మేడమ్, నిద్ర పట్టకే చూసేదాన్ని." ఫ్రెండ్స్ తనని వదిలేసి వేరే వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నారట. ఫోన్ పోయాక కూడా రాత్రి రెండింటిదాకా ఫ్యాన్ వంక చూస్తూ పడుకునేది, అంతే తేడా.

ఇంకో నష్టం ఇంతకంటే పెద్దది. ఫోన్ పోతుందన్న భయం ఉన్న పిల్లలు ఇంట్లో ఏదీ చెప్పరు. మార్ఫింగ్ ఫొటోతో బెదిరిస్తే, నాన్నకి తెలిస్తే ఫోన్ పోతుందని దాచిపెట్టి, అప్పుచేసి డబ్బు కట్టిన అబ్బాయిని చూశాను. డబ్బు కడితే ఆగలేదు, మళ్లీ అడిగారు. అలా జరిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, స్క్రీన్‌షాట్లు తుడిచేయకండి, ముందు పిల్లల్ని తిట్టకండి.

కొన్నాళ్లు ఫోన్ మానేసి మెదడుని శుభ్రం చేసుకోవడాన్ని డోపమైన్ డిటాక్స్ అంటారు, కానీ డోపమైన్ అనేది మెదడులో ఉండే రసాయనం, కడిగేయాల్సిన విషం కాదు, అది లేకుండా మెదడు పనిచేయదు. సోషల్ మీడియాలో పక్కవాళ్లతో పోల్చుకుని బాధపడటం పిల్లలకేనంటారు, తోడికోడలు డల్లాస్ గృహప్రవేశం ఫొటోలు పెట్టిందని నా ముందు ఏడ్చినావిడకి నలభై ఆరేళ్లు.

ఆ ఇంటర్ అమ్మాయికి ఫోన్ తిరిగి ఇప్పించాం. రాత్రి పదిన్నరకి ఇంట్లో నలుగురి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలి, నాన్నది కూడా. మూడు వారాలయింది, గ్రూప్ సంగతి వాళ్లమ్మకి తనే చెప్పుకుంది. మాట్లాడే మనిషే దొరకనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.