బుట్ట అల్లేవారిది, పుల్ల ఎవరిది?

బుట్టల అల్లిక గురించి ఎవరు రాసినా కథ ఒకే దారిన పోతుంది: ప్లాస్టిక్ వచ్చింది, పిల్లలకు ఆసక్తి పోయింది, వేళ్లలో పనితనం ఉన్న తరం వెళ్లిపోతోంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ అల్లేవారి గోడు చాలా చోట్ల ఇంకొకటి. చెయ్యి ఉంది, పుల్ల లేదు. ఉన్నా, దాన్ని కోసుకోవడానికి వీల్లేదు. ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు.

అల్లిక చాలా పాత పని. స్పెయిన్‌లో గ్రనడా ప్రాంతపు గుహ ఒకదానిలో 1857లో గని పనివారి కంటపడిన ఎస్పార్టో గడ్డి బుట్టలకు సుమారు 9,500 ఏళ్లని 2023లో తేల్చారు. యూదా ఎడారి గుహలో దొరికిన మూత బుట్ట ఇంకా పెద్దది, దాదాపు 10,500 ఏళ్లది. ఇన్ని వేల ఏళ్ల తరువాత కూడా ఈ పని చేతిని వదిలి యంత్రానికి పోలేదు. ఏ రెండు పుల్లల మందమూ ఒకటి కాదు, ఏ రెండూ ఒకేలా వంగవు. ఆ తేడాను వేలు పసిగట్టి సర్దుకుంటుంది, యంత్రానికి అది చేతకాలేదు. బట్టల నేతలో మర మగ్గం చేసిన పని ఇక్కడ ఏ మరా చేయలేదు కాబట్టి, అల్లేవారికి దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. ముడిసరుకు వైపు నుంచి.

అది అర్థం కావాలంటే కాలిఫోర్నియా కథ చూడాలి. అడవికి వెళ్లి దొరికింది ఏరుకొచ్చి అల్లుతారని బయటివారు అనుకుంటారు. నిజానికి తనంతట తాను పెరిగిన హేజెల్ పొద బుట్టకు పనికిరాదు. కొమ్మలు వంకర తిరుగుతాయి, పక్క రెమ్మలు వేస్తాయి. అల్లికకు కావలసింది నిటారుగా, కణుపుల దగ్గర చీలకుండా, సన్నగా సాగిన లేత ఊచ. పొదను కాల్చిన తరువాత మొదలు నుంచి కొత్తగా లేచే చిగుళ్లే అలా వస్తాయి. అందుకే అక్కడి యురోక్, కరూక్ వంటి తెగలవారు అదను చూసి చిన్న మంటలు పెట్టి, ఒకటి రెండేళ్ల తరువాత వచ్చి ఊచలు కోసుకునేవారు. అది ఏరుకోవడం కాదు, ఒక రకం సేద్యం.

1850లో ఆ రాష్ట్రం స్థానిక తెగలవారి మీద చేసిన చట్టం, గడ్డి మైదానాలకు నిప్పు పెట్టేవారిని శిక్షించే ఏర్పాటు చేసింది. తరువాత వచ్చిన అటవీ అధికారుల్లో కొందరు ఈ పద్ధతిని ఒక తెగ పేరు తగిలించి ‘పైయూట్ అటవీశాస్త్రం’ అని వెక్కిరించారు. 1935కల్లా అమెరికా అటవీ శాఖ విధానం ఎంత బిగుసుకుందంటే, ఎక్కడ మంట కనబడినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా ఆర్పాలన్నది నియమం. పొదలు మిగిలాయి, ఊచలు పోయాయి. పైగా కలప తోటల కోసం అడవుల్లో కలుపు మందులు చల్లడం మొదలైంది. అల్లేవారు ఊచలను, చెట్ల వేళ్లను పళ్ల మధ్య బిగబట్టి చీలుస్తారు. మందు ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పాలా? 1992లో కాలిఫోర్నియా ఇండియన్ బుట్టల అల్లికదారుల సంఘం పుట్టడానికి ఈ రెండూ ప్రధాన కారణాలు. ఆ సంఘం పోరాడింది మార్కెట్ కోసం కాదు, అడవిలోకి వెళ్లే హక్కు కోసం, మందు ఎక్కడ చల్లారో తెలుసుకునే హక్కు కోసం. పెనుమంటలు ఊళ్లకు ఊళ్లనే మింగాక ప్రభుత్వానికి పాత పద్ధతి గుర్తొచ్చింది. సంప్రదాయ మంటలు పెట్టేవారికి నష్టపరిహారం భయం తగ్గించే చట్టం 2021లో, తెగలతో నేరుగా ఒప్పందాలకు వీలిచ్చే చట్టం 2024లో వచ్చాయి.

అదే దేశపు ఈశాన్య మూలలో వాబనాకీ తెగలవారిది మరో కష్టం. వారు వాడేది నల్ల యాష్ చెట్టు. దుంగను సుత్తితో బాదుతూ పోతే ప్రతి ఏటి వసంతంలో పెరిగిన గుల్ల పొర నలిగి, ఆ ఏటి వలయం రిబ్బనులా పొడవుగా ఊడివస్తుంది. రంపం, చిత్రిక అక్కరలేదు. 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక ఆకుపచ్చ పురుగు కనబడింది. ఆసియా నుంచి సరుకుల చెక్క పెట్టెల్లో వచ్చిందని భావిస్తారు. దాని పిల్ల పురుగులు బెరడు కింద తొలుచుకుంటూ పోయి చెట్టుకు నీటి దారి తెంపేస్తాయి. కోట్ల యాష్ చెట్లు చనిపోయాయి. 2018లో అది మెయిన్ రాష్ట్రానికీ చేరింది. ఇక్కడ ఏ చట్టమూ అడ్డుపడలేదు, అసలు చెట్టే మిగలడం లేదు. దక్షిణ కరొలినా తీరంలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతివారైన గల్లా ప్రజలు అల్లే స్వీట్‌గ్రాస్ గడ్డికి మాత్రం విలాస నివాసాల ప్రహరీలు అడ్డుపడ్డాయి. 2006లో ఆ బుట్టను రాష్ట్ర హస్తకళగా ప్రకటించారు. గడ్డి మాత్రం గేటు అవతలే ఉంది.

భారతదేశంలో వెదురుకు పట్టిన గతి మాత్రం ఒక్క మాట వల్ల. 1927 అటవీ చట్టం ‘చెట్టు’ను నిర్వచిస్తూ అందులో వెదురునూ కలిపేసింది. వృక్షశాస్త్రం ప్రకారం అది గడ్డి. చెట్టయ్యాక దాన్ని నరకడానికి, తరలించడానికి అనుమతులు కావాలి. కాగితం మిల్లులు దీర్ఘకాల ఒప్పందాలతో చౌకగా లారీల కొద్దీ తీసుకుపోతుంటే, నాలుగు బొంగులు మోసుకొచ్చిన మేదరి దొంగ అయ్యాడు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అయినా గడ్చిరోలి జిల్లా మేంఢా లేఖా గ్రామసభ చేతికి రవాణా అనుమతి పుస్తకం రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది, అది ఇవ్వడానికి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. 2017 నవంబరులో ఆర్డినెన్సుతో ఆ నిర్వచనం నుంచి వెదురును తీసేశారు. దీనితో వెసులుబాటు దొరికింది ప్రధానంగా పొలాల్లో, అడవి బయట పెంచే వెదురుకే. అడవిలోని వెదురుకు పాత నిబంధనలు పోలేదు. అల్లేవారిలో చాలామందికి వెదురు నాటుకోవడానికి సొంత పొలం లేదు.

ఇంతా చేసి తీసేసింది ఆ ఒక్క మాటనే. అదే వాక్యంలో వెదురుతో పాటు ఉన్న పేము, చట్టం దృష్టిలో ఇప్పటికీ చెట్టే.