డిలీట్ కొట్టినంత మాత్రాన పోదు

తిరుపతిలో నెట్ సెంటర్ నడిపేవాళ్ల కంప్యూటర్లో ఏముంటాయో ఒకసారి ఆలోచించండి. మూడొందల రూపాయల దర్శనం టికెట్ బుక్ చేయించుకోవడానికి వచ్చినవాళ్ల ఆధార్ కార్డులు, యూనివర్సిటీ పిల్లల మార్కుల లిస్టులు, ఎవరెవరివో పాస్‌బుక్ మొదటి పేజీలు. బాలాజీ కాలనీలో మా బామ్మర్ది అలాంటి పాత మిషన్ను స్క్రాప్‌కి వేసేద్దామనుకున్నాడు. "అన్నీ డిలీట్ చేసేసినా బావా, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ" అన్నాడు. నాకు మనసొప్పక డిలీటైన ఫైళ్లు వెలికితీసే ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపిస్తే, పావుగంట తిరక్కముందే ఒక పెద్దావిడ ఆధార్ బయటికొచ్చింది. స్కాన్ కాస్త వంకరగా పడింది, కార్డు మూల మడత కూడా తెలుస్తోంది, నంబర్ మాత్రం పన్నెండు అంకెలూ స్పష్టంగా ఉన్నాయి.

డిలీట్ అంటే సత్రం రిజిస్టర్లో పేరు కొట్టేయడం, అంతే. మనిషి ఇంకా గదిలోనే ఉంటాడు, ఆ గది ఇంకొకరికి ఇచ్చేదాకా. క్విక్ ఫార్మాట్ అయితే రిజిస్టరే కొత్తది పెట్టడం. గదులు ఖాళీ కావాలంటే డిస్క్ మొత్తం మీద సున్నాలు రాయాలి. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్, మనం ఎంచుకున్న డ్రైవ్ మేరకు, ఆ పనే చేస్తుంది. 1996లో పీటర్ గుట్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 35 సార్లు తిరగరాసే పద్ధతి చెప్పాడు కానీ అది అప్పటి రకరకాల డిస్కులను దృష్టిలో పెట్టుకుని చెప్పింది, ఇప్పటి హార్డ్ డిస్క్‌కి ఒక్కసారి చాలని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్స్‌లోనే డేటా దాచే డిస్క్, దాని సంగతి వేరు. అందులో కంట్రోలర్ అనే గుమాస్తా ఉంటాడు, చిప్స్ ఒకేచోట అరిగిపోకూడదని మీరు పదో గదిలో రాయమంటే ఇంకో గదిలో రాసి పాతదాన్ని అలాగే పక్కన పెడతాడు, పైగా మనకు కనపడని గదులు కొన్ని తన దగ్గరే ఉంచుకుంటాడు. అందుకే పైనుంచి ఎన్ని సున్నాలు రాసినా నమ్మకం లేదు. తయారీ కంపెనీ టూల్‌తో సెక్యూర్ ఎరేజ్ చేయాలి, అంటే మొత్తం చెరిపేయమని ఆ గుమాస్తాకే ఆదేశం ఇవ్వాలి. అయస్కాంతం పెడితే దానికి ఏమీ కాదు, అందులో డేటా ఉండేది విద్యుదావేశంగా. మొదటి రోజు నుంచే డిస్క్‌లోని డేటాను రహస్య సంకేతాలుగా మార్చి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ లాంటిది ఆన్‌లో ఉండి ఉంటే చాలా టెన్షన్ తగ్గేది, తాళంచెవి చెరిపేస్తే మిగిలింది చదవడానికి రాదు.

అసలు ఆన్ కాని డిస్క్ అయితే పగలగొట్టడమే. ఎస్ఎస్‌డీలో బోర్డు విరిస్తే సరిపోదు, నల్లటి చిప్స్ ఒక్కొక్కటీ నుజ్జు కావాలి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో అద్దంలా మెరిసే పళ్లేలు చాలావాటిలో నిజంగానే గాజువి, సుత్తి పడితే పెంకులై ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

మావాడిది పాత 500 జీబీ హార్డ్ డిస్కే. ఊడదీసి వేరే మిషన్‌కి తగిలించి, ఫుల్ ఫార్మాట్ పెట్టి భోజనానికి వెళ్లాం. రెండు గంటలు పట్టింది. మళ్లీ ఫోటోరెక్ నడిపిస్తే ఒక్క ఫైలూ దొరకలేదు. ఆ తర్వాతే మిషన్ను ఆటో ఎక్కించాం.