స్పర్శరేఖను తాకనివ్వని మినహాయింపు

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే చాలు, ఈ గొడవ మళ్లీ లేస్తుంది. చూపులేని పిల్లలకు లెక్కల పేపర్లో బొమ్మ గీయాల్సిన ప్రశ్నలు ఉంచాలా, తీసేయాలా? గుంటూరు, విజయవాడ టీచర్లలోనూ రెండు వర్గాలున్నాయి.

తడిమి చదివే చుక్కల లిపి చేసిన లూయీ బ్రెయిల్ దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మచిలీపట్నం ప్రాంతం నుంచి వచ్చిన, చూపులేని శ్రీకాంత్ బొల్లా ఇంటర్లో సైన్స్ సీటు కోసం కోర్టుకెళ్లడం, ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదవడం 2024లో సినిమాగానే వచ్చింది. ముడి అంతకంటే ముందు, 1995లో పడిందని నా లెక్క.

ఆ ఏడాది వచ్చిన వికలాంగుల చట్టం 30వ సెక్షన్లో ప్రభుత్వాలు తమ విద్యా పథకంలో పెట్టాల్సిన పనులు వరసగా ఉండేవి. రవాణా, పుస్తకాలు, యూనిఫాం, స్కాలర్‌షిప్పు. వాటి మధ్యలో ఒక మాట: చూపులేని, చూపు తక్కువున్న విద్యార్థుల కోసం పరీక్షల్లోంచి పూర్తిగా గణితానికి చెందిన ప్రశ్నలు తొలగించేలా మార్పులు చేయాలి. పిల్లల మేలు కోరే రాశారు, అందులో అనుమానం లేదు. లెక్కల్లో తప్పి చదువు ఆగిపోవడం కంటే ఇదే నయం అనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు.

మరి అప్పటికి సాధనాలు లేవా? గళ్లలో అచ్చులు గుచ్చి లెక్కలు చేసే టేలర్ ఫ్రేమ్ ఉంది, అబాకస్ ఉంది. అబ్రహాం నెమెత్ అనే అంధ గణితవేత్త లెక్కల గుర్తుల కోసం చేసిన బ్రెయిల్ కోడ్ 1952లోనే అచ్చయింది. సహాయ పరికరాలు ఇచ్చే కేంద్రం ఎడిప్ పథకం 1981 నుంచి నడుస్తోంది. వీటిని బడి దాకా చేర్చడం కష్టం, ప్రశ్న కొట్టేయడం తేలిక. పరీక్షలో రాని అధ్యాయాన్ని కూర్చోబెట్టి చెప్పే ఓపిక ఎంతమందికి ఉంటుంది? పాఠమే లేనప్పుడు కిట్ ఎవరడుగుతారు?

గుంటూరులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఒక భవిత కేంద్రంలో మేడం నాకు చేసి చూపించారు. రబ్బరు షీటు మీద బ్రెయిల్ కాగితం పరిచి పళ్ల చక్రం దొర్లించారు. స్పర్ వీల్ అంటారు. అది దొరక్క, పట్నంబజార్లో టైలరింగ్ సామాను కొట్టులో దర్జీలు గుర్తులు పెట్టుకునే చక్రమే కొన్నారట. చుక్కలు కాగితం అడుగువైపు లేస్తాయి. కాగితం తిప్పి తడిమితే, కుడివైపు గీసిన లంబకోణం ఎడమవైపు తగులుతుంది. కొత్త పిల్లలకు ఇక్కడే టెన్షన్. ప్లాస్టిక్ ఫిల్మ్‌తో ఆ బాధ లేదు. రబ్బరు మీద పెట్టి పెన్నుతో నొక్కి గీస్తే గీత గీసినవైపే ఉబ్బుతుంది.

తర్వాత అట్ట మీద ఊలు దారంతో వృత్తం అంటించి, పక్కన చీపురు పుల్ల ఆనించారు. పిల్లాడు పుల్ల వెంట వేలు జరుపుకుంటూ పోయాడు. దారం తగిలింది, ఆగాడు. ఇంకాస్త ముందుకెళ్లాడు. మళ్లీ తగల్లేదు. వెనక్కి వచ్చి సరిచూసుకుని, "ఒక్కచోటే తగిలింది మేడం" అన్నాడు. స్పర్శరేఖ నిర్వచనంలో అంతకంటే ఏముంది? పేరులోనే స్పర్శ ఉన్న గీతను ఇన్నాళ్లూ చూపున్న పిల్లలకే వదిలేశాం.

1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో గణితం ఊసు లేదు. 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెప్పింది రాసిపెట్టే మనిషి), రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు అంటుందే తప్ప లెక్కలు తీసేయమనదు. పైగా నిర్దేశిత స్థాయి వైకల్యమున్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటుంది. 2017 ఏప్రిల్లో అమల్లోకి వచ్చింది. చట్టం మారింది గానీ అలవాటు మారలేదు.

తీసేయాలనేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. స్క్రైబ్ గీసిన బొమ్మకు మార్కులు ఎవరివి, ఉబ్బెత్తు బొమ్మల పేపర్ బయటికి పొక్కకుండా ముద్రించేది ఎవరు అని అడుగుతున్నారు. సీబీఎస్‌ఈ బొమ్మ ఉన్న ప్రశ్నకు బదులు వేరే ప్రశ్న ఇస్తోంది, మనమూ అదే చేద్దామంటారు.

మేడం ముందు ఆ మాట ఎత్తితే అల్మారా తలుపు తీశారు. ఫిల్మ్ కట్టలో మిగిలినవి నాలుగు షీట్లు. "ఆరో తరగతిలోనే ఇవి వాళ్ల చేతికివ్వండి సార్. ప్రశ్న ఉంచాలా తీయాలా అన్నది పదో తరగతిలో ఆ పిల్లల్నే అడుగుదాం" అన్నారు.